ఎంతమంది పోతే ఆ మాట అంటారు?

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. అంతర్జాతీయ న్యాయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మూడో ఏడు. జెనోసైడ్ (జాతి నిర్మూలన) కేసుల్లో ‘ఉద్దేశం’ ఎలా రుజువు చేస్తారన్నది నా టాపిక్. మొన్న ఒక సెమినార్లో గాజా మీద పేపర్ చదివాను. యుద్ధ నేరాలు, మానవాళిపై నేరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయని, హేగ్ కోర్టు, అంటే అంతర్జాతీయ న్యాయస్థానం, ఇదివరకు పెట్టిన కొలత ప్రకారం జెనోసైడ్ ఉద్దేశం రుజువు చేయడం మాత్రం కష్టమని చెప్పాను. ఒక సీనియర్ లేచి, ‘పిల్లల శవాల పక్కన కూర్చుని కామాలు లెక్కపెడుతున్నావు’ అన్నారు. హాలంతా చప్పట్లు. మర్నాడు నా స్లైడ్ ఒక్కటే ఫోటో తీసి, ‘జెనోసైడ్ కాదని రీసెర్చ్‌లో తేలింది’ అని ఇంకెవరో వాట్సాప్‌లో తిప్పారు. గైడ్ థీసిస్‌లో గాజా చాప్టర్ తీసేసి బోస్నియా కేసుతో ఆపేయమంటున్నారు. సెలవులకి ఇంటికొచ్చాను. టీవీ చూస్తూ మా నానమ్మ, ‘ఎంతమంది పోతే ఆ మాట అంటారే?’ అని అడిగింది. నాకు జవాబు రాలేదు. మామయ్యేమో, మన తెలుగు బడులు మూతపడటం కూడా జాతి నిర్మూలనే, దాని మీద రాయమంటున్నాడు. నిద్ర పట్టడం లేదు. చాప్టర్ తీసేయనా? నేను తప్పు చేశానా? (పేరు వద్దు, గజపతి జిల్లా)

సమాధానం:

అమ్మా, ముందు మీ నానమ్మగారికి జవాబు చెప్తాను. ముప్పై ఏళ్ళు బరంపురంలో లా పాఠాలు చెప్పాను. ఈ విషయం మీద ఇంత సూటి ప్రశ్న ఏ విద్యార్థీ అడగలేదు.

చట్టంలో అంకె లేదు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందంలో రెండో అధికరణం నీకు కంఠతా వచ్చు. నానమ్మకి ఇలా చెప్పు. ఒక జాతినో, తెగనో, వర్ణాన్నో, మతాన్నో, వాళ్ళు వాళ్ళయినందుకే, మొత్తంగానో కొంతమేరకో లేకుండా చేయాలనే ఉద్దేశం ఉండాలి. ఆ ఉద్దేశంతో చంపినా, ఒళ్ళూ మనసూ కుళ్ళబొడిచినా, బతకలేని పరిస్థితిలోకి నెట్టినా, పిల్లలు పుట్టకుండా చేసినా, పుట్టిన పిల్లల్ని లాక్కుపోయి వేరేవాళ్ళకి ఇచ్చినా అది జెనోసైడ్. 1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో కొద్ది రోజుల్లో ఏడు వేలమందికి పైగా ముస్లిం మగవాళ్ళనీ మగపిల్లల్నీ చంపారు. కోర్టు దాన్ని జెనోసైడ్ అంది. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో సుమారు 17 లక్షలమంది పోయారు. 2018 నవంబరు 16న అక్కడి ప్రత్యేక కోర్టు జెనోసైడ్ తీర్పు ఇచ్చింది, కానీ చామ్ ముస్లింలు, వియత్నామీయుల విషయంలో మాత్రమే. మిగతా లక్షలమంది ఖ్మేర్ ప్రజల చావు మానవాళిపై నేరం కిందికి వచ్చింది. ఎందుకంటే వాళ్ళని చంపింది జాతి చూసి కాదు, శత్రువర్గం అని. రాజకీయ వర్గాలు ఆ నాలుగు గుంపుల్లో లేవు. 1948లో సోవియట్ యూనియన్‌తో సహా కొన్ని దేశాలు పట్టుబట్టి వాటిని బయట పెట్టించాయి.

ఇది వింటే నానమ్మకి చట్టం మీద కోపం వస్తుంది. రావలసిందే. నాకూ వస్తుంది. కానీ ఆ కోపం రావాల్సింది 1948లో కూర్చుని గీత గీసినవాళ్ళ మీద. గీత ఎక్కడుందో చూపించిన నీ మీద కాదు.

ఇక్కడ మన తెలుగు చేసే ఇబ్బంది ఒకటుంది, నీ పేపర్ గొడవలో దాని పాత్ర కూడా ఉందనుకుంటున్నాను. నలుగురు చనిపోయినా మన పేపర్లు ‘మారణహోమం’ అంటాయి. నలభైమందైతే ‘నరమేధం’, పల్లె మీద పడి నరికితే ‘ఊచకోత’. పక్కనే ఒడియా పేపరు ‘గణహత్య’ అంటుంది. ఇవన్నీ మన గుండెలు బాదుకునే మాటలు, చావు ఎంత ఘోరమో చెప్పే మాటలు. జెనోసైడ్ అలాంటి మాట కాదు. దాన్ని 1944లో రఫేల్ లెమ్‌కిన్ అనే పోలిష్ యూదు లాయరు తయారు చేశాడు, గ్రీకు మాట సగం, లాటిన్ మాట సగం అతికించి. సొంతవాళ్ళని పదులకొద్దీ నాజీల చేతిలో పోగొట్టుకున్న మనిషి. నరమేధం అనే అర్థమిచ్చే మాటలు ఆయనకు తెలిసిన భాషల్లోనూ ఉన్నాయి. అవి చాలవనే కొత్తది కట్టాడు. ఎంతమందిని చంపారన్నదే కాకుండా, ఏ గుంపును ఉండకుండా చేయాలనుకున్నారన్నది పట్టుకోవడానికి ఆ మాట పుట్టింది. తెలుగులో దానికి ‘జాతి నిర్మూలన’ దగ్గరగా ఉంటుంది. నరమేధం అని రాస్తే అర్థం జారిపోతుంది. నువ్వు ‘జెనోసైడ్ రుజువు కష్టం’ అన్నప్పుడు హాల్లో చాలామందికి ‘అది నరమేధం కాదు’ అని వినపడింది.

దీనికి తోడు, మన విద్యారంగంలో ఒక చెడ్డ నిచ్చెన తయారైంది. పైమెట్టు జెనోసైడ్, కింది మెట్టు మానవాళిపై నేరాలు, ఇంకా కింద యుద్ధ నేరాలు. ఎవరైనా పైమెట్టు ఎక్కకపోతే బాధితుల్ని తక్కువ చేసినట్టు లెక్క. ఈ నిచ్చెన చట్టంలో లేదు. నాజీ నాయకుల మీద 1946లో వచ్చిన నురెంబర్గ్ తీర్పు తీసి చూడు, అభియోగపత్రంలో జెనోసైడ్ అన్న మాట ఉంది కానీ తీర్పులో ఎక్కడా లేదు. ఉరికంబం ఎక్కినవాళ్ళు ఆ మాట లేకుండానే ఎక్కారు. ఇంకొకటి, బోస్నియాలో బ్రచ్కో ఊళ్ళో గోరాన్ యెలిసిచ్ అనేవాడు తనను తాను ‘సెర్బ్ అడాల్ఫ్’ అని పిలుచుకుంటూ ఖైదీల్ని చంపాడు. 1999లో, యుగోస్లావియా యుద్ధ నేరాల కోసం పెట్టిన హేగ్ ట్రిబ్యునల్ అతన్ని జెనోసైడ్ అభియోగం నుంచి తప్పించింది. మానవాళిపై నేరాలకి, యుద్ధ నేరాలకి మాత్రం నలభై ఏళ్ళ జైలు వేసింది. గాజా విషయంలోనే చూడు. 2024 నవంబరు 21న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఇచ్చిన వారెంట్లలో, ఇటు ఇజ్రాయెల్ నాయకులు నెతన్యాహు, గాలంట్ మీదా, అటు హమాస్ నాయకుడు డెయిఫ్ మీదా ఉన్నవి యుద్ధ నేరాలు, మానవాళిపై నేరాలే. ఆ కాగితాన్ని చిన్న కాగితమని ఎవరంటారు?

కాబట్టి నీ మనసులో మెలిపెడుతున్న ప్రశ్నకి, నేను చెడ్డదాన్నా అన్నదానికి, నా జవాబు కాదు అని. నిండుగా చెప్తున్నాను, కాదు.

కానీ పేపర్ బాగుందా అంటే, పంపిన పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను, బాగాలేదు. అక్కడ చప్పట్లు కొట్టినవాళ్ళలో కొందరికి తెలిసో తెలియకో ఒక నిజం తగిలింది. దాన్ని దార్ఫుర్ కథతో చెప్తాను, ఎందుకంటే నీకు జరిగింది అచ్చంగా అంతకుముందు ఒక మహానుభావుడికి జరిగింది.

2004లో సూడాన్‌లోని దార్ఫుర్ మీద అమెరికా ప్రభుత్వం జెనోసైడ్ అని ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి ఒక విచారణ సంఘం వేసింది, దానికి పెద్ద ఆంటోనియో కసేసే. యుగోస్లావియా ట్రిబ్యునల్‌కి మొదటి అధ్యక్షుడు, ఈ రంగంలో పెద్ద తల. 2005 జనవరిలో రిపోర్టు ఇచ్చారు. సూడాన్ ప్రభుత్వానికి జెనోసైడ్ విధానం ఉందని తేలలేదు అన్నారు. ఆ వెంటనే, దీనివల్ల అక్కడి నేరాల తీవ్రత ఏమాత్రం తగ్గినట్టు కాదని, మానవాళిపై నేరాలు జెనోసైడ్ అంత ఘోరమైనవి కావచ్చని, కొందరు వ్యక్తులకు ఆ ఉద్దేశం ఉండి ఉండవచ్చని, అది కోర్టే తేల్చాలని కూడా రాశారు. ఏమైంది? ‘జెనోసైడ్ కాదన్న ఐరాస’ అని హెడ్డింగులు వచ్చాయి. సూడాన్ ప్రభుత్వం దాన్ని జెండాలా ఊపింది. కసేసేని ఎంతమంది తిట్టారో. కానీ అదే రిపోర్టు సిఫారసు మీద 2005 మార్చి 31న భద్రతా మండలి దార్ఫుర్‌ని క్రిమినల్ కోర్టుకి పంపింది. జాగ్రత్తగా రాసిన రిపోర్టే తలుపు తీసింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2009 మార్చిలో సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద వారెంటు ఇచ్చినప్పుడు, కింది బెంచి జెనోసైడ్ అభియోగం ఒప్పుకోలేదు. సాక్ష్యాల నుంచి జెనోసైడ్ ఉద్దేశం తప్ప మరో సబబైన అర్థం రాకూడదు అంది. 2010 ఫిబ్రవరిలో అప్పీలు బెంచి ఇది తప్పు అని కొట్టేసింది. అంత గట్టి రుజువు అడగాల్సింది శిక్ష వేసేటప్పుడు, వారెంటు దశలో కాదు అంది. అదే ఏడు జూలైలో జెనోసైడ్‌తో రెండో వారెంటు వచ్చింది.

నీ పేపర్లో జరిగిన పొరపాటు ఇదే. ఏ దశ గురించి మాట్లాడుతున్నావో ఎక్కడా చెప్పలేదు. 2007లో బోస్నియా కేసులో, 2015లో క్రొయేషియా కేసులో హేగ్ కోర్టు పెట్టిన గట్టి కొలత చివరి తీర్పుకి. గాజా విషయంలో ఇజ్రాయెల్ మీద దక్షిణాఫ్రికా వేసిన కేసులో 2024 జనవరి 26న ఇచ్చిన ఉత్తర్వు తాత్కాలిక రక్షణకి. అక్కడ చూసింది పాలస్తీనీయుల హక్కులకు రక్షణ కోరడానికి ఆధారం కనిపిస్తోందా అన్నంత వరకే. జెనోసైడ్ జరిగిందని కోర్టు అనలేదు, జరగలేదనీ అనలేదు. అప్పటి అధ్యక్షురాలు జోన్ డొనొహ్యూ తర్వాత టీవీలో ఈ సంగతి విడమరిచి చెప్పాల్సి వచ్చింది, రెండు పక్షాలూ అంత తప్పుగా చదివాయి. ఇక మూడోది, నివారణ బాధ్యత. ముప్పు తీవ్రంగా ఉందని తెలిసిన క్షణం నుంచి ప్రతి దేశం మీదా ఆ బాధ్యత పడుతుందని 2007 తీర్పే చెప్పింది. రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు. స్రెబ్రెనిత్సా చేసింది సెర్బియా అని కోర్టు తేల్చలేదు కానీ, ఆపగలిగీ ఆపలేదని సెర్బియాని తప్పుపట్టింది. ఈ మూడు దశలూ విడదీసి రాస్తే నీ వాదన పక్కన శవాలు పెట్టుకుని కామాలు లెక్కపెట్టడంలా ఉండదు. ‘చివరి తీర్పులో రుజువు కష్టం కావచ్చు, కానీ ఆపాల్సిన బాధ్యత ఎప్పుడో మొదలైంది’ అన్నది నీ పేపర్లోనే దాగి ఉంది. తొమ్మిదో పేజీలో, కింద చిన్న అక్షరాల్లో పెట్టావు. దాన్ని మొదటి పేరాలోకి తీసుకురా.

రెండో లోపం. ఆ గట్టి కొలతని రాతిమీద చెక్కిన గీతలా తీసుకున్నావు. 2015లో జడ్జి కాన్‌సాడో ట్రిండాడే దాన్ని విడిగా సుదీర్ఘంగా వ్యతిరేకించారు. నీ పేపర్లో ఆయన పేరే లేదు. 2023 నవంబరులో, రోహింగ్యాల విషయంలో గాంబియా మయన్మార్ మీద వేసిన కేసులో, కెనడా, డెన్మార్క్, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి జోక్యం చేసుకుని, ఉద్దేశం రుజువుకి కొలత అసాధ్యమయ్యేంత ఎత్తులో పెట్టొద్దని వాదించాయి. 2025 సెప్టెంబరులో గాజా మీద ఐరాస విచారణ సంఘం జెనోసైడ్ జరిగిందనే తేల్చింది, ఇజ్రాయెల్ దాన్ని తోసిపుచ్చింది. వీటితో నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఎదురుపడాలి. ఎదుటివాళ్ళ బలమైన వాదనని వాళ్ళకన్నా బాగా చెప్పి, అప్పుడు నీది చెప్పు.

ఈ జాగ్రత్త వెనక నాది ఒక బాధ ఉంది, చెప్పేస్తాను. 1994 వేసవిలో రువాండా వార్తలు వస్తున్నప్పుడు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ‘తెగల కొట్లాట’ అని పత్రికల్లో చదివి, ఒక విద్యార్థి అడిగితే అదే మాట క్లాసులో చెప్పాను. అమెరికా ప్రతినిధులు అది జెనోసైడ్ అని నేరుగా అనకుండా ‘జెనోసైడ్ చర్యలు’ అంటూ తప్పించుకున్న రోజులవి. మూడు నెలల్లో దాదాపు ఎనిమిది లక్షలమంది పోయారు. 1998 సెప్టెంబరు 2న, టాబా అనే చోట మేయరుగా ఉన్న అకయేసు కేసులో తీర్పు వచ్చింది, ఒక అంతర్జాతీయ కోర్టు విచారణ జరిపి జెనోసైడ్ నేరాన్ని తేల్చడం అదే మొదలు. తీర్పు కాపీ బరంపురం చేరేసరికి ఇంకో ఏడాది. అందులో ఆ టాబా ఆడవాళ్ళ సాక్ష్యం చదువుతున్నాను, పురపాలక కార్యాలయం ఆవరణలో వాళ్ళకి ఏం జరిగిందో. ఆ పేజీ మీద వేలు పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. నా క్లాసులో ఆ ఏడు అరవైమంది ఉన్నారు. వాళ్ళందరికీ తప్పు చెప్పాను. ఆ మాట తొందరపడి అనడం ఎంత తప్పో, అనాల్సినచోట అనకపోవడం అంతకన్నా తప్పని నాకు అప్పుడు అర్థమైంది. నువ్వు ఆ రెంటి మధ్య నిలబడ్డావు. అందుకే నిద్ర పట్టడం లేదు. అది మంచి లక్షణమే, ఆరోగ్యం మాత్రం చూసుకో.

ఇక స్లైడ్ తిప్పినవాళ్ళ సంగతి. వాళ్ళతో గ్రూపుల్లోకి దిగి వాదించకు. ఒకే ఒక్క పేజీ రాయి, నా పేపర్ చెప్పింది ఇది, చెప్పనిది ఇది అని, నీ పేరుతో, తేదీ వేసి. ఇంగ్లీషులో, తెలుగులో, ఒడియాలో. సెమినార్ నిర్వాహకులకి, గైడ్‌కి, చప్పట్లు కొట్టించిన ఆ సీనియర్‌కి కూడా పంపు. ఆయనకి ఒక వాక్యం అదనంగా చేర్చు, దశల విషయంలో నా పేపర్ లోపభూయిష్టం, సరిచేస్తున్నాను అని. నిజమే కదా. పరాయి వాళ్ళ ముందు అవమానం జరిగాక ఇలా రాయడం కష్టం, నాకు తెలుసు. ఈ రంగంలో బహిరంగ ఉత్తరాల మీద సంతకాలు పెట్టడం ఈమధ్య విధేయతకి పరీక్ష అయిపోయింది. సంతకం పెట్టినవాడు మనవాడు, పెట్టనివాడు శత్రువు. నమ్మితే పెట్టు, నాకు అభ్యంతరం లేదు. కానీ ఏ ఉత్తరం మీద సంతకం పెట్టావన్నది నీ థీసిస్‌లో ఫుట్‌నోట్ కాదు.

గైడ్ మాట. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కేసు ఇంకా నడుస్తోంది, రేపు తీర్పు వస్తే చాప్టర్ పాతబడుతుంది, ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎవడో దాన్నే పట్టుకుంటాడు. ఇందులో మొదటిది అసలైన కారణం, రెండోది దాని నీడ. అందుకని చాప్టర్ తీసేయకు, దాని రూపం మార్చు. గాజా పేరుతో చాప్టర్ వద్దు. ‘ఉద్దేశం రుజువు: దశను బట్టి కొలత’ అని పెట్టి, దార్ఫుర్, బోస్నియా, క్రొయేషియా, మయన్మార్, గాజా అన్నీ అందులో ఉంచు. అప్పుడు ఒక తీర్పు వచ్చినా చాప్టర్ కూలదు. ఈ మార్పు నోటితో చెప్పి వదిలేయకు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి కదా. అక్కడ పెట్టి, మినిట్స్‌లో రాయించు. గైడ్‌ని పక్కన పెట్టి కాదు, ముందే ఆయన గదికి వెళ్ళి, ‘సర్, మీరన్న ఇబ్బందికి ఇదీ నా దారి’ అని చూపించి. ఆయన అప్పటికీ తీసేయమంటే కారణం రాతపూర్వకంగా అడుగు, మర్యాదగా. నాకు తెలిసిన గైడ్లలో చాలామంది రాయాల్సి వచ్చేసరికి మెత్తబడతారు.

మీ మామయ్యకి కోపం రాకుండా చెప్పు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు, ఆ బాధ మనవాళ్ళ గుండెల్లో ఇంకా ఉంది. లెమ్‌కిన్ కూడా భాషని, సంస్కృతిని తుడిచిపెట్టడాన్ని ఈ నేరంలో కలపాలనే అన్నాడు. తొలి ముసాయిదాలో అది ఉంది, 1948లో ఓటింగ్‌లో పోయింది. పిల్లల్ని లాక్కుపోవడం ఒక్కటే మిగిలింది. కాబట్టి బడి మూతపడటం అన్యాయం, దాని మీద, మాతృభాషలో ప్రాథమిక చదువు గురించి చెప్పే రాజ్యాంగం 350ఏ అధికరణం చేత పట్టుకుని కలెక్టర్ని అడగొచ్చు. అది జెనోసైడ్ కాదు. అదే పంతులుగారు సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు కట్టారని కూడా మామయ్యకి గుర్తు చేయి. భాష పోతున్న బాధ ఆ కొండల్లో మనకన్నా ఎక్కువ.

ఇంటి దగ్గర పని కావాలంటే, నీ చివరి చాప్టర్‌కి ఒకటి చూపిస్తాను. భారతదేశం ఆ ఒప్పందాన్ని 1959లో అంగీకరించింది. మన దేశంలో జెనోసైడ్‌ని నేరంగా చెప్పే చట్టం మాత్రం ఈనాటికీ లేదు. కొత్త న్యాయ సంహితలోనూ పెట్టలేదు. 2018 డిసెంబరులో 1984 సిక్కుల హత్యల కేసులో ఢిల్లీ హైకోర్టు తీర్పు రాస్తూ జస్టిస్ మురళీధర్ ఈ లోటు వెంటనే పూడ్చాలని అన్నారు. ఆయనే తర్వాత ఒరిస్సా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా కటక్ వచ్చారు. ఆ తీర్పులో మానవాళిపై నేరాల చర్చ ఉన్న పేరాలు చదివి, ఈ లోటు మీద ఇరవై పేజీలు రాయి. దాన్ని ఎవరూ పక్షం అనలేరు, అన్నా నువ్వు నిలబడగలవు.

పేపర్ తిరగరాశాక పత్రికకి పంపకముందు, మొదటి రెండు పేజీలు తెలుగులో నానమ్మకి చదివి వినిపించు. ఆవిడ ఎక్కడ ఆపి ఏం అడిగిందో ఆ మార్జిన్‌లో రాసుకో. సెలవులు అయిపోయి వెళ్ళేముందు ఒక పూట బరంపురం రా. ట్రిండాడే రాసిన ఆ భాగం ప్రింటు నా దగ్గర ఉంది, అంచుల నిండా పెన్సిలు రాతలు. తీసుకెళ్ళు, తిరిగివ్వక్కర్లేదు.